బరువెక్కిన నీళ్ళు

యాకూబ్‌కి కూర్చుంటే కాళ్ళు నిలవవు, లేస్తే మనసు నిలవదు. సముద్రపొడ్డున, ఉప్పుమళ్ళ పక్కన గఫూర్ బాబా అనే సూఫీ గురువు దగ్గర చేరి మూడేళ్ళయింది. తోటి శిష్యులు అల్లా పేరు తలుచుకోగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, నవ్వుతారు, ఊగిపోతారు. మనవాడికి మాత్రం గుండెలో రాయి పెరుగుతున్నట్టే ఉంటుంది.

ఓ సాయంత్రం బట్టలు మూట కట్టేశాడు.

"వెళ్ళిపోతా బాబా. మీ దగ్గరికొచ్చి అందరూ తేలికవుతున్నారు. నేనొక్కణ్ణే బరువెక్కుతున్నా. ఇంకొన్నాళ్ళుంటే మునిగిపోతాను."

ఉండమంటాడేమోనని లోపల ఆశే లెండి. బాబా అనలేదు.

"వెళ్దువుగానిలే. ముందు సముద్రం నీళ్ళు ఓ చెంబుడు, ఉప్పుమడిలో నీళ్ళు ఓ చెంబుడు పట్రా."

తెచ్చాడు. బాబా సముద్రం నీళ్ళు గాజు జాడీలో పోశాడు. మడి నీళ్ళలో, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కాస్త కలిపాడు.

"ఇవి వాటిమీద పొయ్యి."

యాకూబ్ గబుక్కున కుమ్మరించాడు. జాడీ అంతా నీలం!

"శభాష్! ఇక మీ అమ్మీ లుంగీలన్నీ ఇందులోనే జాడిస్తుంది," బాబా పకపకా నవ్వాడు. "మళ్ళీ తేరా. ఈసారి గరిటెతో, అంచు వెంబడి."

రెండు నీళ్ళూ మళ్ళీ తెచ్చి, నీలిమందు కలిపి, ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా పోశాడు. పైన పోసిన నీలం పైన ఆగితేనా! తీగలా సాగుతూ దిగి, అడుగున పరుచుకుంది. బాబా వంగి, జాడీ మూతి దగ్గర ఉఫ్‌మని ఊదాడు. పై నీళ్ళు అల్లల్లాడాయి. నీలం కదల్లేదు.

"మడిలోవీ సముద్రం నీళ్ళే కదా బాబా?"

"అవే. మడిలో పల్చగా పరుచుకుని ఉంటే ఎండ కాసింది, గాలి కొట్టింది. పోయేది ఆవిరై పోయింది. ఉప్పు మిగిలి బరువెక్కాయి."

"ఇక అడుగున పడుండటమేనా వాటి గతి?" యాకూబ్ జాడీ అడుగుకేసి చూస్తూ అడిగాడు.

"జాడీలో అయితే పడుంటాయి. సముద్రంలో అలా బరువెక్కి దిగిన నీళ్ళు నడుస్తాయిరా, వెలుతురు చేరని చోట్లకి. పైన పీల్చుకున్న గాలిని మోసుకునే దిగుతాయి. మరి అక్కడి చేపలు దేంతో ఊపిరి తీసుకుంటున్నాయనుకున్నావ్?"

యాకూబ్ బట్టల మూట పక్కన పెట్టాడు. నమాజు వేళయింది. గుండెలో బరువు రవ్వంత కూడా తగ్గలేదు. ఆ బరువుతోనే వెళ్ళి అందరి పక్కన వరసలో నిలబడ్డాడు.