కనుమ మలుపులో దస్తగిరి మేకు

అనగనగా, మోటారుసైకిలు చప్పుడు వినబడితే ఊరంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడే కాలంలో, ఒక కనుమ దారి ఉండేది. దారి మొదట ఒక పేట. దారి చివర, కొండమీద, ఒక పల్లె. నడుమ మలుపులో ఒక పెద్ద బండరాయి.

ఆ బండ దగ్గరికి రాగానే ప్రతి మోటారుసైకిలూ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది కదా! కార్బ్యురేటర్‌కున్న చిన్న మరను కాస్త తిప్పితే బండి తేరుకునేది. కానీ ఆ మర ఇంజనుకూ చట్రానికీ నడుమ ఇరుకులో దాగి ఉండేది. తిన్నని స్క్రూడ్రైవర్ ఏదీ దానికి అందేది కాదు.

పల్లెలో దూది ఏకి పరుపులు కుట్టుకునే దస్తగిరి అనే మనిషి ఉండేవాడు. ఆయనకు బండి లేదు. ఎండలో బండ్లు తోసుకుంటూ వచ్చేవారిని చూసి ఆయన మనసు ఊరుకోలేదు. పరుపులు కుట్టే దబ్బనాన్ని కాల్చి, వంచి, మొన చదును చేశాడు. అది మరకు అందింది! బండరాతి పగులులో ఒక మేకు దిగగొట్టి, దాన్ని ఆ మేకుకు తగిలించాడు. ఆగినవారు తీసుకునేవారు, మర తిప్పుకునేవారు, మళ్లీ మేకుకే తగిలించి పోయేవారు.

పేటలో వర్క్‌షాపు నడిపే పురుషోత్తానికి ఇది కంటగింపైంది. ఒకరోజు వచ్చి దబ్బనాన్ని పట్టుకుపోయాడు.

"అది నా దబ్బనం, సామీ!" అన్నాడు దస్తగిరి.

"కార్బ్యురేటర్ ముట్టే పనిముట్టు నా కొట్లో ఉండాల. పరుపుల్లో దూది కూరుకో పో!"

ఇదేమి న్యాయం?

దస్తగిరి గొడుగు కడ్డీ విరిచి ఇంకొకటి చేశాడు. మేకుకే తగిలించాడు. ఆ వానాకాలమంతా తడిశాడు. పురుషోత్తం మళ్లీ వచ్చాడు. "దీంతో బండ్లు చెడతాయి" అని అదీ పట్టుకుపోయాడు. చెడిన బండి ఒక్కటైనా చూపాడా? లేదు.

ఇదేమి న్యాయం?

మూడోసారి దస్తగిరి వంటింట్లోకి వెళ్లి గరిటె కాడ కోశాడు.

"నీ బండ్లకు నా గరిటే దొరికిందా? పప్పు దేంతో కలపాల?" అంది ఆయన భార్య కుళ్లాయమ్మ.

"కొన్నాళ్లు కవ్వంతో కలుపుమే."

"రేపు కవ్వం కూడా వంచుతావు, నాకు తెలుసు!" అంటూనే నవ్వి, తగిలించడానికి తాడు తానే కట్టి ఇచ్చింది. ఆయన మేకుకే తగిలించాడు.

ఒక ఉదయం పురుషోత్తం అదీ పట్టుకుపోయాడు. ఈసారి కారణం కూడా చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నమే దస్తగిరిని పాము కరిచింది. పేటలో కబురందుకున్న కాంపౌండర్ ఓబులేసు మందుసంచితో బండెక్కాడు. బండ దగ్గర బండి ఆగిపోయింది. ఓబులేసు మేకుకేసి చెయ్యి చాచాడు. మేకు ఖాళీ. తన తిన్నని స్క్రూడ్రైవర్ దూర్చి చూశాడు. అందలేదు. బండి వదిలేసి ఎత్తంతా పరుగెత్తాడు. చేరేసరికి అంతా అయిపోయింది.

"బండి చప్పుడు కోసమే చెవులొగ్గి ఉండె గదప్పా!" అంది కుళ్లాయమ్మ. "మేకుకు పనిముట్టుందిలే, వస్తాడు అని చివరిదాకా అంటానే ఉండె."

ఇదేమి న్యాయం?

పల్లె పల్లెంతా కిందికి దిగింది. కొట్లో, తాళం వేసిన అద్దాల బీరువాలో, దబ్బనం, గొడుగు కడ్డీ, గరిటె కాడ వరుసగా ఉన్నాయి.

"అది ఆ మనిషికే అవసరమవుతుందని నాకేం తెలుసు?" అన్నాడు పురుషోత్తం.

"ఎవురికని తెలిస్తేనే ఇస్తావా?" అంది కుళ్లాయమ్మ.

అతడు బీరువా తాళం తీశాడు. ఆమె మూడింటినీ కొంగులో మూటగట్టుకుని కొండెక్కి మేకుకు తగిలించింది. ఆ తరువాత ఆ కొట్టు గడప తొక్కినవారు లేరు.

ఇప్పటి బండ్లకు ఆ మర తిప్పే పని లేదు. అయినా ఆ మేకు ఖాళీగా ఉండదు. పాతది తుప్పు పడితే ఎవరో ఒకరు కొత్తది వంచి తగిలిస్తారు. నలుగురికీ పనికొచ్చే వస్తువును ఎవరైనా దాచుకుంటే, "మేకు ఖాళీ చేస్తావా?" అని ఆ సీమలో నేటికీ నిలదీస్తారు. కనుమ ఎక్కినవారు దస్తగిరి ఇంటి ముందుకు రాగానే బండి చప్పుడు ఒకసారి పెంచుతారు.

ఆయనకు వినబడాలని.