గుర్రం పడుకోనంది

ఒకప్పుడు గుర్రం నిద్ర చూడాలంటే చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళాల్సి వచ్చేది. వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి, నోరు తెరుచుకుని గురక పెట్టేది. ఆ గురకకి పక్క ఊళ్ళో కాకులు లేచి ఎగిరిపోయేవి. నిలబడి నిద్రపోవడమా? ఆ మాట ఎవరైనా అంటే నేల మీద దొర్లి దొర్లి నవ్వేది. ఇప్పుడు చూడండి, ఎలా అయిందో! ఇదంతా దాలయ్య నోటి దూల వల్ల వచ్చింది.

దాలయ్య ఎవరంటారా? జంతువులకి ఇళ్ళు కుదిర్చే మనిషి. దేవుడు జంతువుల్ని చేసి చేసి అలిసిపోయాడు. ఏది ఎవరింట్లో ఉండాలో తేల్చే ఓపిక లేకపోయింది. ఖాళీగా కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న దాలయ్యని పిలిచి, "ఒరే, వీటికి ఇళ్ళు చూసిపెట్టు. నువ్వు మాత్రం ఒక్కటి కూడా ఉంచుకోకు, తర్వాత అందరూ నన్నంటారు" అని చెప్పి, దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాడు. మళ్ళీ లేచాడో లేదో నాకు తెలీదు.

దాలయ్య పద్ధతి తేలిక. జంతువుని ఎవరో ఒకరి వాకిట్లో వదులుతాడు. అది అక్కడ కాళ్ళు ముడుచుకుని పడుకుందా, ఒప్పుకున్నట్టే. ఆ ఇల్లు దానిది, అది ఆ ఇంటిది. ఆవు పడుకుంది. మేక పడుకుంది. కుక్క అయితే దాలయ్య వేలు చూపించకముందే పడుకుంది. పిల్లి ఏడిళ్ళలో పడుకుంది. అందుకే అది ఎవరిదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఒకరోజు పులి వచ్చి, "మరి నా సంగతేంటయ్యా దాలయ్యా?" అంది.

దాలయ్యకి చెమటలు పట్టాయి. ముందు దీన్ని ఇక్కణ్ణుంచి కదిలిస్తే చాలనుకుని, "తొలకరి చినుకు పడేలోపు ఇల్లు కుదరని జంతువు ఏదుంటే అది మీదే పులిగారూ!" అనేశాడు. అన్నిటికీ ఎలాగూ కుదిరిపోతాయి, పులికి మిగిలేదేముందిలే అని అతని ధీమా.

పులి మీసం నాక్కుంది. "మాట తప్పావో, నీ ఊళ్ళో ఒక్కర్నీ వదలను" అని వెళ్ళిపోయింది.

అన్నిటికీ కుదిరాయి. గుర్రానికి తప్ప.

దాలయ్య ముందు దాన్ని నూనె తీసే గానుగ సూరన్న ఇంటికి తీసుకెళ్ళాడు. సూరన్న దాన్ని గానుగకి కట్టాడు. గుర్రం గుండ్రంగా పది చుట్లు తిరిగి ఆగింది.

"సూరన్నా, మనం ఎక్కడికి వెళ్తున్నాం?"

"ఎక్కడికీ లేదు."

"మరి పొద్దుట్నుంచీ నడుస్తున్నాం కదా?"

"నూనె కోసమే నడవాలి. మాట్లాడకుండా తిరుగు."

గుర్రం మాట్లాడలేదు. వెనక కాలితో ఒక్కటి తన్నింది. గానుగ రోలు వెళ్ళి పక్కింటి దొడ్లో పడింది. సూరన్న వెళ్ళి ఎద్దుని తెచ్చుకున్నాడు. ఎద్దు ప్రశ్నలు అడగదు.

తర్వాత కుమ్మరి ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ ఏం జరిగిందో చెప్పను. కుండలు ఆరబెట్టిన వాకిట్లోకి గుర్రాన్ని వదిలితే ఏం జరుగుతుందో మీకు తెలీదా?

ఇక మిగిలింది ఊరి పెద్ద బంగారునాయుడు. ఆయన గుర్రాన్ని చూసి మురిసిపోయాడు. మెడలో గంటలు కట్టించాడు, వీపు మీద పట్టుబట్ట కప్పించాడు, గుమ్మం ముందు నిలబెట్టి వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించాడు. ఒకరోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. గుర్రం ఆవలించింది. మూడో రోజు చుట్టాలొచ్చారు. నాయుడు తలపాగా సర్దుకుని, వాళ్ళ ముందు దర్జాగా గుర్రం ఎక్కాడు. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి రావాలని ఆయన ఉద్దేశం.

గుర్రం మూడు ఊళ్ళు దాటింది. నాయుడు కేకలు పెడుతూనే ఉన్నాడు. నాలుగో ఊరి పొలిమేరలో మంచి మెత్తని పెంటకుప్ప చూసి, ఆయన్ని దాంట్లో దింపి, తలపాగా నమిలేసి, తాపీగా నడుచుకుంటూ వచ్చేసింది. వచ్చి ఎవరిదీ కాని బీడు భూమిలో వెల్లకిలా పడుకుని గురక మొదలెట్టింది.

దాలయ్య నెత్తి బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "లే! లే, నీ మొహం మండా! ఇక్కడ పడుకుంటే ఏం లాభం? అదేదో వాళ్ళ వాకిట్లో పడుకుని ఏడవొచ్చు కదా!"

"పడుకుంటే ఒప్పుకున్నట్టు కదా మావా. నేను ఒప్పుకోలేదు" అంది గుర్రం ఒక కన్ను తెరిచి.

"ఒప్పుకోకపోతే పులి దగ్గరికి పోతావు, తెలుసా?"

"పులి ఇల్లు ఎలా ఉంటుంది?"

"లోపల చీకటిగా, ఇరుగ్గా ఉంటుంది" అన్నాడు దాలయ్య.

గుర్రం లేచి కూర్చుంది. తర్వాత మెల్లగా అంది: "నాకు పొగరని అందరూ అంటున్నారు. పొగరు కాదు మావా. నాకు ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటుంది. నేను వెళ్ళినందుకు అక్కడ ఎవరికైనా మేలు జరగాలని ఉంటుంది. ఊరికే తిరగమంటే కాళ్ళు ఒప్పుకోవు. ఊరికే నిలబడమంటే అసలే ఒప్పుకోవు. ఏం చెయ్యను?"

ఇన్నాళ్ళూ దాలయ్య దీన్ని తిట్టని తిట్టు లేదు. ఇదంటే ఇంత ఇష్టం పెరిగిందని ఇప్పుడే తెలిసింది. తను ఉంచుకుందామంటే దేవుడు వద్దన్నాడు. బీడు అవతల పొదల పక్కన పులి కూర్చుని ఆకాశం చూస్తోంది. "తొందరేం లేదు దాలయ్యా, మబ్బు ఇంకా పూర్తిగా పట్టలేదు" అని కేకేసింది. ఎంత మర్యాదో చూడండి దానికి!

సరిగ్గా అప్పుడే ఆ దారిన మంత్రసాని పైడమ్మ వచ్చింది. చుట్టుపక్కల ఆరూళ్ళలో ఏ తల్లికి నొప్పులొచ్చినా పైడమ్మే వెళ్ళాలి. అరవై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. చంకలో మూట, నోట్లో తిట్లు.

"ఎక్కడికక్కా ఆ పరుగు?" అన్నాడు దాలయ్య.

"కొండకింద ఊరికిరా నాయనా! పిల్లకి తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగిందట. కిందటి నెల ఇలాగే కుంటుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి ఏడుపులు వినిపించాయి. బిడ్డవి కాదు, ఇంట్లోవాళ్ళవి." పైడమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ నడక మొదలెట్టింది.

గుర్రం దిగ్గున లేచి ఆమెకి అడ్డంగా నిలబడింది. "ఎక్కు."

"నేనా? నీ మీదా? నాయుణ్ణి పెంటలో పడేసింది నువ్వే కదటే!"

"నాయుడికి ఎక్కడికీ వెళ్ళే పని లేదు. నీకుంది. ఎక్కు."

పైడమ్మ బండరాయి ఎక్కి, దాని మీంచి గుర్రమెక్కి, "ఓలమ్మో!" అని జుట్టు పట్టుకుంది. ఆ 'ఓలమ్మో' ఇక్కడ మొదలై కొండకింద ఊళ్ళో ఆగింది. బిడ్డా బతికింది, తల్లీ బతికింది.

ఆ రోజు నుంచి గుర్రం పైడమ్మ వాకిట్లోనే మకాం పెట్టింది. దాలయ్య ఎగిరి గంతేశాడు. ఇక పడుకోవడమే తరువాయి అనుకున్నాడు. గుర్రం కూడా ఆ సాయంత్రమే కాళ్ళు మడవబోయింది.

"ఆగు!" అంది పైడమ్మ. "బీడులో నువ్వు పడుకుని లేవడం ఎన్నోసార్లు చూశాను. ముందు ఆవలిస్తావు, తర్వాత ఒళ్ళు విరుచుకుంటావు, ముందు కాళ్ళు లేపుతావు, వెనక కాళ్ళ గురించి ఆలోచిస్తావు. నువ్వు లేచేసరికి ఆ బిడ్డకి మీసాలొస్తాయి. నా దగ్గరుంటే నిలబడే ఉండాలి."

గుర్రం ఆలోచించింది. మడవబోయిన కాళ్ళు నిటారుగా పెట్టింది. మోకాళ్ళు బిగించుకుంది. మొదట రెండు రోజులు తూలింది, గోడకి జారగిలబడింది, ఒకసారి పైడమ్మ పందిరి మీద పడి పందిరి కూల్చింది. మూడో రోజుకి కుదురు చిక్కింది. ఒక వెనక కాలికి కాస్త విశ్రాంతి ఇచ్చి, మిగతా మూడింటి మీదా బరువేసి, హాయిగా కునుకు తీసింది.

ఇల్లు కుదిరింది, పనీ కుదిరింది. దాలయ్యకి మాత్రం తిండి సయించడం లేదు. పద్ధతి ప్రకారం గుర్రం పడుకోలేదు కదా!

మర్నాడు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఉరిమింది. టప్పుమని ఒక చినుకు దాలయ్య ముక్కు మీద పడింది. వెనక్కి తిరిగి చూస్తే పులి పైడమ్మ వాకిట్లోకి వచ్చేసింది.

"పడుకుందా?" అంది పులి.

దాలయ్య గుర్రం దగ్గరికి పరిగెత్తాడు. అప్పుడే రెండూళ్ళు తిరిగొచ్చి కునుకు తీస్తోంది అది. చెవి పట్టుకుని ఊపాడు. "ఒక్కసారి పడుకో తల్లీ! నీ కాళ్ళకి దండం పెడతాను, ఒక్క చిటిక సేపు!"

గుర్రం సగం కన్ను తెరిచింది. పులిని చూసింది. దాని చర్మం జలదరించింది. భయమేసింది, ఎందుకెయ్యదు? అయినా, "పడుకోను మావా" అంది. "ఏటి అవతల సన్నెమ్మకి నెలలు నిండాయి. ఏరు పొంగేలోపు కబురొస్తుంది. నేను పడుకుని ఉంటే, పైడమ్మ నడిచి వెళ్తుంది."

మళ్ళీ కళ్ళు మూసుకుంది.

దాలయ్య ఏడ్చేశాడు. ఏడుస్తూనే వెళ్ళి పులికీ గుర్రానికీ మధ్య నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆలోచించి నోరు తెరిచాడు.

"పులిగారూ, ఒక్క మాట. పిల్లి ఏడిళ్ళలో పడుకుంది. దాని ఇల్లు ఏది?"

"మా చుట్టాల సంగతి నీకెందుకు?" అని పులి గుర్రుమంది.

"తప్పు పద్ధతి పెట్టింది నేనే. పడుకోవడంలో ఏముంది? ఎక్కడైనా పడుకోవచ్చు. నమ్మకం లేని చోట నిద్ర పట్టదు. మీకు ఎప్పుడైనా పట్టిందా?"

పులి ఆలోచించింది. పట్టలేదు. అది అబద్ధాలాడే రకం కాదు. గుర్రం దగ్గరికి వెళ్ళింది. మొహంలో మొహం పెట్టి, ఆ పచ్చిమాంసం కంపంతా కొట్టేలా గట్టిగా ఊపిరి వదిలింది. గుర్రం కదల్లేదు. పెదవి వేలాడేసి చిన్నగా గురక పెట్టింది.

"ఇదేం జంతువయ్యా! నేను ఇంత దగ్గరికొస్తే నిద్రపోయింది ఇంతవరకూ లేదు" అంది పులి.

అంతలో ఏటి గట్టు మీంచి కేక వినిపించింది. "పైడమ్మత్తా! సన్నెమ్మకి నొప్పులు!"

పులి రెప్ప వేసి తెరిచింది. అంతే, గుర్రం అక్కడ లేదు. దాని వీపు మీద పైడమ్మ, ఆమె చంకలో మూట, 'ఓలమ్మో' ఏటి మధ్యలో! నాలుగు గిట్టల బురద పులి మొహం మీద పడింది.

పులి మొహం తుడుచుకుంది. ఏటి అవతలికి చూస్తూ చాలాసేపు కూర్చుంది. వాన దంచుతోంది. చివరికి ఆ హోరులోంచి సన్నగా ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"దానికి ఇల్లు కుదిరింది. నాకేం మిగల్లేదు" అని పులి లేచి, తోక ఈడ్చుకుంటూ అడవిలోకి వెళ్ళిపోయింది. దాలయ్య ఆ వానలో, ఆ బురదలోనే కూలబడి పిచ్చివాడిలా నవ్వాడు.

అప్పటినుంచే గుర్రం నిలబడి నిద్రపోతోంది. మోకాళ్ళు బిగించి, ఒక వెనక కాలికి విశ్రాంతి ఇచ్చి, చెవులు మాత్రం దారి వైపు పెడుతుంది. ఎప్పుడైనా ఏ గుర్రమైనా నేల మీద వాలి కనిపిస్తే చుట్టూ చూడండి. దగ్గర్లోనే ఇంకో గుర్రం నిలబడి ఉంటుంది. కబురొస్తే అది వెళ్తుంది.