బర్నబా చొక్కా

నాకేమీ అనిపించడం లేదన్న ముక్క మా పాస్టరు ఆమోసయ్యగారికి చెప్పుకోవడానికి పదకొండు రోజులు పట్టింది నాకు. ఈలోపు మీకా చెప్పేశాడు.

మీకా అంటే మా మందిరంలో డోలక్కు వాయించేవాడు. వాడు చెప్పింది అబద్ధమేం కాదు. అయినా నా సంగతి నేను చెప్పుకోవాలి గాని, మధ్యలో వాడెవడు? ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ వాడి చొక్కాకి గుండీ కూడా నేను కుట్టలేదు.

జరిగింది ఇది. నా టైలరు కొట్టుకి ఎదురుగా రైసుమిల్లు. అందులో బస్తాలు మోసే బర్నబా మా మందిరం సంఘస్తుడే. ఒక గురువారం మధ్యాహ్నం అతని చెయ్యి మిల్లు బెల్టులో పడింది. అరుపులు విని రోడ్డు మీదున్న వాళ్ళమంతా పరిగెత్తాం. అతన్ని తవుడు కుప్ప మీద పడుకోబెట్టారు. చూసినవాళ్ళు చూసినట్టే మొహాలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. ముందుకి జరిగి నిలబడి చూశాను.

చూసి, పక్కనున్న మీకాతో అన్నాను: "సినిమాలో ఇంతకంటే ఎర్రగా ఉంటుంది."

వెనకాల బర్నబా భార్య దీనమ్మ ఉంది. ఆయనకి అన్నం క్యారేజీ తెచ్చింది. నా మాట ఆమె చెవిన పడింది.

ఆ రోజుల్లో బస్టాండు వెనక రేకుల షెడ్డులో వీడియో వేసేవాళ్ళు. రెండింటికి మ్యాట్నీ. దెయ్యాలవీ, గొడ్డళ్ళతో నరుక్కునేవీ. బుధవారం నా కొట్టుకి సెలవు. మూడేళ్ళలో ఒక్క బుధవారం తప్పలేదు నేను. మొదట్లో కళ్ళు మూసుకునేవాణ్ణి. తరవాత వేళ్ళ సందుల్లోంచి చూశాను. ఆ తరవాత సోడా తాగుతూ చూశాను. పక్కవాడు ఉలిక్కిపడితే నాకు నవ్వొచ్చేది. అదొక గొప్ప అనుకునేవాణ్ణి.

బర్నబా సంగతి అడగడానికి కొట్టుకి జనం వచ్చేవాళ్ళు. దగ్గరుండి చూసింది నేనే కదా. మొదటి రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడో రోజుకి ఆ చెప్పడం బాగా పదునెక్కింది. ఎక్కడ ఆపితే వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారో నాకు తెలిసిపోయింది. అక్కడే ఆపేవాణ్ణి.

వాళ్ళు వెళ్ళాక మాత్రం నా కాలు నిలిచేది కాదు. మిషను తొక్కుతున్నా ఆడేది, తొక్కకపోయినా ఆడేది, అన్నం ముందు కూర్చున్నా ఆడేది. గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ లేచి మిల్లు గేటు దాకా వెళ్ళేవాణ్ణి. అక్కడ నాకేం పని లేదు. మళ్ళీ వచ్చేవాణ్ణి. ఆదివారం మందిరంలో అయ్యగారు బర్నబా కోసం ప్రార్థన చేస్తుంటే ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఏడ్చారు. నేను కళ్ళు తెరుచుకుని, ముందు కూర్చున్నాయన వీపు మీద వేరే టైలరు వేసిన వంకర కుట్టు చూస్తూ ఉన్నాను. ఏడుపు రావాలి కదా అని ఎదురుచూశాను. రాలేదు.

బుధవారం మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. అక్కడైనా గుండె అదురుతుందేమో చూద్దామని. తెర మీద ఎవడిదో తల తెగింది. పక్కనున్నతను బఠాణీలు పెట్టాడు, తీసుకున్నాను. సగంలో లేచి బయటికి వచ్చాను. బయట నిలబడలేక మళ్ళీ లోపలికి పోయి మిగతాది చూశాను.

ఇంకో సంగతి కూడా ఉంది. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె పట్టుకోవడం నా వంతని అయ్యగారు అంతకు ముందే చెప్పారు. అదే మొదటిసారి నాకు. మా సంఘంలో గిన్నె పట్టుకునేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఒకాయన హెడ్మాస్టరు. నేను బడి మొహం చూసింది రెండేళ్ళు. కొట్టు కట్టేశాక రోజూ సాయంత్రం అయ్యగారే నా ముందు వాక్యం, అంటే బైబిలు, తెరిచి, చీపురుపుల్లతో ఒక్కో అక్షరం చూపించి చదువు నేర్పారు. అలాంటి నాకు గిన్నె ఇస్తామంటే హెడ్మాస్టరు మొహం చిట్లించాడు. అదీ నాకు గుర్తుంది.

గిన్నె పట్టుకున్నవాడు వరసల వెంట వెళ్ళి, ఇది ప్రభువు రక్తం అని చెప్పి, ఒక్కొక్కరికీ అందించాలి. మూడో వరసలో దీనమ్మ కూర్చుంటుంది.

పదకొండో రోజు అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని గొడుగు బాగు చేసుకుంటున్నారు.

"కూర్చో తీతూ," అన్నారు.

"మీకా వచ్చాడా?"

"వచ్చాడు. వాడు చెప్పింది విన్నాను. నువ్వు చెప్పు."

చెప్పాను. నాకేమీ అనిపించడం లేదని కూడా చెప్పాను. తప్పు ఒప్పుకుందామనే వెళ్ళాను నేను. కాని మీకా పేరు వినేసరికి ఒళ్ళు మండి, ఒప్పుకోవడం కాస్తా వాదన అయి కూర్చుంది.

"సినిమా సినిమాయే కదయ్యగారూ. అవి రంగునీళ్ళని నాకు తెలియదా? నేనెవర్నీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక్క ఆదివారం మానలేదు."

"ఊఁ."

"వాక్యంలో మాత్రం లేవా? యుద్ధాలు లేవా? నిద్రపోయేవాడి కణతలో మేకు దిగ్గొట్టలేదా? మీరే కదా నా చేత చదివించింది."

అయ్యగారు గొడుగు ఊచ వంపు తీస్తూ, తల ఎత్తకుండా అన్నారు: "ఆ మేకు సంగతి చదివిన రోజు నువ్వు మా ఇంట్లో అన్నం తినలేదు. అమ్మగారు వడ్డించిన కంచం అలాగే వదిలేసి పోయావు."

"ఎప్పుడు?"

"మొదటి సంవత్సరం."

నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

ఆయన ఇంకో ఊచ పట్టుకుని అడిగారు. "ఏ చెయ్యి?"

"ఏంటయ్యగారూ?"

"బర్నబాకి ఏ చెయ్యి పోయింది?"

చెప్పబోయి ఆగాను. తవుడు మీద నెత్తురు ఎంత మేర పాకిందో చెప్పగలను. గోడ మీద ఎంత ఎత్తుకి చిమ్మిందో చెప్పగలను. తెగిన బెల్టు నేలకేసి ఎలా కొట్టుకుందో చెప్పగలను. పది మందికి చెప్పాను కూడా. చెయ్యి కుడిదో ఎడమదో చెప్పలేకపోయాను.

నేను టైలర్ని. మనిషి నా గుమ్మం ఎక్కుతుంటేనే ఏ భుజం దిగి ఉందో పసిగడతాను. చూపులో నా అంత కచ్చితమైనవాడు ఆ చుట్టుపక్కల అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

"ముందు నిలబడి చూశావటగా," అన్నారు అయ్యగారు. మామూలుగానే అన్నారు. తిట్టినా బాగుండేది.

"మరి ఆదివారం గిన్నె..." అన్నాను.

"ఆదివారం ఇంకా రాలేదుగా."

గొడుగు తెరిచి చూసుకుని, మూసి, లోపలికి వెళ్ళిపోయారు.

బుధవారం సెలవైనా, ఎవరిదో పెళ్ళి జాకెట్టు మిగిలిపోయి పొద్దున కొట్టు తీశాను. ఒంటిగంటన్నరకి తలుపులేసి తాళం తిప్పుతున్నాను. ఎక్కడికి వెళ్ళడానికో చెప్పక్కర్లేదు. వెనక్కి తిరిగితే అయ్యగారు, చేతిలో గుడ్డసంచి.

"తాళం తియ్యి. పనుంది."

"ఇవాళ సెలవయ్యగారూ."

"తెలుసు."

తీశాను. ఆయన సంచిలోంచి ఒక చొక్కా తీసి నా బల్ల మీద పరిచారు.

ఆకాశం రంగు చొక్కా. నా పనే. మూడేళ్ళ కిందట క్రిస్మస్‌కి బర్నబాకి కుట్టింది. కిందటేడు కాలరు అరిగితే ఊడదీసి తిరగేసి కుట్టిచ్చాను. ఎడమ భుజం అరంగుళం దించి ఉంటుంది. బర్నబా బస్తా ఎత్తుకునేది ఆ భుజానికే, అందుకని. అది పట్టించుకునే టైలరు ఇంకొకడు లేడు. చొక్కా కుడి చెయ్యి మాత్రం ఆసుపత్రిలో కత్తెర పెట్టి భుజం దాకా చీల్చేశారు. దీనమ్మ చన్నీళ్ళలో నానబెట్టి నానబెట్టి ఉతికిందట. అయినా మరక పోలేదు. తుప్పు రంగులో ఉంది. ఎరుపు ఎక్కడా లేదు.

"శనివారం ఇంటికి పంపిస్తారట," అన్నారు అయ్యగారు. "ఇదే వేసుకుని వస్తానంటున్నాడు. ఆదివారం మందిరానికీ ఇదేనట. బాగు చెయ్యి."

చొక్కా తిరగేసి కుట్లు చూశాను. పని చేతిలోకి వస్తే నాకు మిగతావి గుర్తుండవు. "కుడి చెయ్యి ఎంత ఉంచమంటారు? పొడుగ్గా వదిలేసి మడిచి కుట్టనా, అక్కడికక్కడే మూసెయ్యనా?"

"నన్నడుగుతావేం?"

"మీరు రోజూ వెళ్ళి చూస్తున్నారు కదా. సుమారుగా చెప్పండి, కత్తిరించేస్తాను."

"సుమారుగా ఎప్పుడు కుట్టావు నువ్వు?" అన్నారు ఆయన. నా స్టూలు లాక్కుని కూర్చున్నారు. "వెళ్ళి కొలత తీసుకో."

టేపు మెళ్ళో వేసుకుని సైకిలెక్కాను. ఆసుపత్రికి దారి షెడ్డు ముందు నుంచే. లోపల టీవీలో ఎవరో ఆడమనిషి కేకలు పెడుతోంది, రేకుల్లోంచి వినిపిస్తోంది. సైకిలు దిగాను. ఎక్కాను. నాలుగు గజాలు పోయి మళ్ళీ దిగాను. మళ్ళీ ఎక్కాను.

వార్డులో కిటికీ పక్క మంచం మీద బర్నబా దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. భుజాల దాకా దుప్పటి. దీనమ్మ కమలాపండు వలుస్తూ, నన్ను చూసి ఆపేసింది.

"రారా తీతూ," అన్నాడు బర్నబా. మా ఇద్దరిదీ ఒకటే ఈడు. "ఇకమీదట నాకు సగం చేతి గుడ్డ మిగులుతుంది. కొట్టెయ్యకు. మీ టైలర్లని నమ్మలేం."

ఇంకో రోజైతే నేనూ ఒకటి అంటించేవాణ్ణి. మెళ్ళోంచి టేపు తీశాను.

"ఎందుకొచ్చాడట?" అంది దీనమ్మ. నన్ను కాదు, ఆయన్ని అడిగింది.

"కొలతకి. టేపు కనపడ్డంలా?"

దీనమ్మ కమలాపండు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, దుప్పటి తీసింది.

టేపు ఒక కొన భుజం ఎముక మీద ఆనించాను. పదిహేనేళ్ళుగా ఎన్ని వందల మందికి చెప్పానో, ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"చెయ్యి కొంచెం ఎత్తు."

బర్నబా ఎత్తాడు.

తెల్లకట్టు కట్టిన ఆ కాస్తా పైకి లేచింది. కొలతకి నిలబడ్డ మనిషి ఎంత ఎత్తుతాడో అంతే ఎత్తాడు, మిగతాది కూడా ఉన్నట్టే. ఎత్తి, ఎప్పటిలాగే మొహం పక్కకి తిప్పి కిటికీలోంచి చూస్తున్నాడు, నా పని అయ్యేదాకా.

దాదాపు రెండు వారాలుగా ఆడుతూనే ఉన్న నా కాలు అక్కడ ఆగింది. టేపు రెండో కొన వేళ్ళలోంచి జారిపోయింది.

దీనమ్మ వంగి దాన్ని పట్టుకుంది. కట్టు చివర ఆనించి, కదలకుండా ఉంచింది.

"చూడు తీతూ," అంది. "నువ్వు బాగా చూస్తావుగా."

వంగి చూశాను. చాలాసేపు చూశాను.

"అయిందా?" అన్నాడు బర్నబా. "లాగుతోందిరా."

నేను ఇంకా వంగే ఉన్నాను. దీనమ్మ నా మొహంలోకి చూసింది. ఆయన చెయ్యి మెల్లగా కిందికి దించి, దుప్పటి కప్పింది. టేపు చుట్టచుట్టి నా చొక్కా జేబులో తనే పెట్టింది.

నేను కొట్టుకి వచ్చేసరికి అయ్యగారు ఆ స్టూలు మీదే ఉన్నారు. చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎంత వచ్చింది?" అన్నారు.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గాని, అంకెలు చిన్నప్పుడే వచ్చాయి. ఒకసారి తీసిన కొలత రాసిపెట్టుకోవలసిన అవసరం ఏనాడూ లేదు నాకు.

"తెలియదయ్యగారూ," అన్నాను. "టేపు మీద అంకెలు కనపళ్ళేదు."

ఆయన నా వంక చూశారు. షెడ్డులో మ్యాట్నీ వదిలినట్టున్నారు, కుర్రాళ్ళు నవ్వుకుంటూ కొట్టు ముందు నుంచి పోతున్నారు. వాళ్ళు దాటాక లేచి, చొక్కా నా బల్ల మీద పెట్టారు.

"రేపు మళ్ళీ వెళ్ళి తీసుకో."

మెట్టు దిగి గొడుగు తెరుస్తూ అన్నారు:

"ఆదివారం గిన్నె నువ్వే పట్టు."