అవ్వకు అందని అక్షరం

పక్కవాడి నోరు మూయించి, గెలిచానని చంకలు గుద్దుకునేవాడా, కాసేపు ఆ మైకు కింద పెట్టు. నీకు గొంతుంది, జ్ఞాపకశక్తి ఉంది. సిగ్గు ఉందో లేదో ఈ కథ విన్నాక నువ్వే చూసుకో.

జపాను దేశంలో సముద్రం ఒడ్డున ఒక చేపల రేవు ఉంది. అక్కడి బౌద్ధాశ్రమంలో కైరిన్ అనే గురువు ఉండేవాడు. షున్‌కో అనే యువకుడు పెద్ద నగరం నుంచి వచ్చి ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. చురుకైనవాడు. ఒకసారి చూసింది మరచిపోడు. ఆ సంగతి ఇతరులు మరచిపోవడం కూడా అతనికి ఇష్టం లేదు.

నెలకొకసారి, పోయినవాళ్ళ కోసం ప్రార్థన అయ్యాక, ఊరివాళ్ళు ఆశ్రమం వసారాలో కూర్చుని టీ తాగి పాటలు పాడేవారు. అక్కడొక కరోకే పెట్టె ఉంది. పాట పేరు నొక్కితే అది వాద్యాలు వినిపిస్తుంది, తెర మీద మాటలు చూపిస్తుంది. గొంతు మాత్రం మనమే ఇచ్చుకోవాలి.

దాన్ని వాళ్ళు ఆటగా ఆడేవారు. మన అంత్యాక్షరి లాంటిదే. ఒకరి పాట పేరు ఏ అక్షరంతో ముగిస్తే, పక్కవాళ్ళ పాట పేరు ఆ అక్షరంతో మొదలవ్వాలి. తోచకపోతే వలయంలోంచి లేచి వెనక కూర్చోవాలి.

ఆ ఊరికి ఇంకో పద్ధతి ఉంది. ఫలానా పాట పాడతానని ఎవరూ నోరు తెరిచి అడగరు. అడగడం వాళ్ళకి నామోషీ. అయితే ఎవరికి ఏ పాట ప్రాణమో అందరికీ తెలుసు. అందుకని ఆ చివర నుంచి ఒక్కొక్కరూ చూసి చూసి పాట ఎంచుకుంటూ, ఆ మనిషి వంతు వచ్చేసరికి కావలసిన అక్షరం తెచ్చి ముందు పెడతారు. "అరే, నాకిదే పడిందే!" అంటూ ఆ మనిషి పాడుతుంది. మిగతావాళ్ళు ఏమీ ఎరగనట్టు వింటారు.

షున్‌కోకి ఇది ఒట్టి చేతకానితనంగా కనిపించింది. ఒకరోజు కప్పులు కడుగుతూ గురువుతో ఆ మాటే అన్నాడు.

"వీళ్ళకి ఆడటం రాదు గురువుగారూ. పక్కవాడికి తేలిక అక్షరం ఇచ్చి కూర్చుంటారు. నేను 'రు'తో ముగిసే పేర్లన్నీ కంఠతా పట్టాను. 'రు'తో మొదలయ్యే పాట ఎక్కడోగాని ఉండదు. పోయిన నెల చూశారుగా, ఒక్క దెబ్బతో పక్కవాడు వెనక్కి పోతాడు."

"పోతే?"

"ఓడినట్టే."

"ఆ తరవాత?"

"తరవాతేముంది? నేను గెలుస్తాను."

గురువు కప్పు తుడిచి బోర్లించాడు. "ఈసారి హిసానో అవ్వకి ముందు వంతులో కూర్చో" అన్నాడు.

హిసానో అవ్వ చేపలు ఎండబెట్టి బతికేది. ఆమె భర్త పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. బతికి ఉన్న రోజుల్లో ఆయన రేవుకి వస్తూ ఒక పాట పాడేవాడు. పొగమంచులో పడవ కనిపించకముందే పాట వినిపించేది. అది విని ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆయన పోయాక ఆ పాట ఆమె అందుకుంది. ఇటు నుంచి తను పాడితే అటు నుంచి ఆయన వింటాడని ఆమె నమ్మకం. ఆ పాట పేరు 'హ' అక్షరంతో మొదలవుతుంది.

ఆ నెలలో అవ్వ గొంతులో గడ్డ ఉందని తేలింది. కోసి తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అన్నారు డాక్టర్లు. అవ్వ సరేనంది. అందుకని ఆ రోజు వసారా అంతా నిండిపోయింది.

వలలు బాగుచేసే తత్సుజీ తాత షున్‌కో పక్కకి జరిగాడు. "చిన్నస్వామీ, మీ 'రు' పాముల్ని ఇవాళ్టికి బుట్టలోనే ఉంచండి. అవ్వకి 'హ' కావాలి. ఎల్లుండే ఆపరేషను."

"ఆటలో మొహమాటాలేంటి తాతా?"

"మొహమాటం కాదయ్యా, ఒక్క పాట. మీ తలమీద జుట్టు ఊడిపోతుందా? అదీ లేదాయె!"

అందరూ నవ్వారు. షున్‌కో గుండు తడుముకున్నాడు. అతనికి ఆ నవ్వు నచ్చలేదు.

ఆట మొదలైంది. ఒకరి నుంచి ఒకరికి అక్షరం జాగ్రత్తగా చేతులు మారుతూ వచ్చింది. షున్‌కోకి 'హ' పాట అందే అక్షరం ఇవ్వాలని, వేరే దారి లేక తత్సుజీ తన వంతుకి చిన్నపిల్లల జోలపాట ఒకటి పట్టుకున్నాడు. ఆయన బొంగురు గొంతుకి పిల్లలు నిద్రపోవడం అటుంచి ఊరు వదిలి పారిపోతారు. అయినా చివరిదాకా పాడి, షున్‌కో వైపు చూసి తల ఊపాడు. అవ్వ అప్పటికే గోరువెచ్చని నీళ్ళు తాగి, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది.

షున్‌కోకి ఒకేసారి రెండు పేర్లు తట్టాయి. ఒకటి 'హ'తో ముగుస్తుంది, ఒకటి 'రు'తో.

'రు' పాట పాడాడు. తప్పు లేకుండా పాడాడు.

అవ్వ కాసేపు ఖాళీ తెర వైపు చూసింది.

"నాకేదీ తోచడం లేదు నాయనా" అంది. "బాగా పాడావు."

లేచి అందరికీ వంగి దండం పెట్టింది. వెనక కూర్చోలేదు, గుమ్మం వైపు నడిచింది. తత్సుజీ వెంటపడ్డాడు. "అవ్వా, ఆట పాడుగాను! రా, వచ్చి పాడు. ఎవడు కాదంటాడో చూస్తాను."

"వద్దురా. అడుక్కుని పాడితే అది నా గొంతని ఆయన పోల్చుకోలేడు."

అప్పుడు కైరిన్ గురువు లేచాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి అవ్వ పాట నొక్కి, మైకు తెచ్చి షున్‌కో చేతిలో పెట్టాడు.

"పాడు."

"ఇది..."

"పేరు తెలుసుగా. పాడు."

వాద్యాలు మొదలయ్యాయి. షున్‌కోకి పేరొక్కటే తెలుసు. అవ్వ పాడినప్పుడల్లా తన తరవాతి పేరు వెతుక్కోవడమే తప్ప, ఆ పాట ఎప్పుడూ చెవిపెట్టి విన్నవాడు కాదు. తెర మీద మాటలు ఒకటొకటిగా రంగు మారి వెళ్ళిపోతున్నాయి. ఏ మాట దగ్గర గొంతు కలపాలో అతనికి తెలియలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. గుమ్మంలో అవ్వ ఒక కాలికి చెప్పు వేసుకుని, ఇటు తిరగకుండా ఆగిపోయింది. ఆమె భుజాలు మాత్రం పాటతో పాటు కొద్దిగా ఊగాయి.

పాట అయిపోయింది. అవ్వ రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆపరేషను జరిగింది. ప్రాణం దక్కింది. నెలనెలా అవ్వ వచ్చి వలయంలో కూర్చునేది. తన వంతు వస్తే చెయ్యి ఊపి పక్కవాళ్ళకి ఇచ్చేసేది.

షున్‌కో ఆ పాట నేర్చుకున్నాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ నేర్చుకున్నాడు. ఒక్కసారి అవ్వ వినేలా పాడాలని అతని ఆశ. ప్రతి నెలా ఆమె పక్కనే కూర్చుని 'హ' కోసం ఎదురుచూశాడు. 'రు' పాటల జోలికి మళ్ళీ పోలేదు. ఎన్నో అక్షరాలు వచ్చాయి. అది రాలేదు.

చివరికి గురువు దగ్గరికి వెళ్ళాడు. "ఊరివాళ్ళకి నా మీద ఇంకా కోపం పోలేదా?"

"నిన్ననే కదా నీకు చేపలు తెచ్చి, నువ్వు తినవని గుర్తొచ్చి, ముల్లంగి ఇచ్చి వెళ్ళారు. కోపమెక్కడిది?"

"మరి 'హ' ఒక్కటీ ఎందుకు రాదు?"

"అవ్వ ఉండగా ఆ అక్షరం ఎవరికీ పడకుండా చూసుకుంటున్నారు. ఆమె బాధపడుతుందని."

"ఆమె కోసమే నేను పాడాలని..."

"వాళ్ళకేం తెలుసు? నువ్వు ఒకరి కోసం పాడటం వాళ్ళు ఎప్పుడూ వినలేదు."

షున్‌కో తల వంచుకున్నాడు. అడగమని గురువు అనలేదు. అతనూ అడగలేదు.

ఆ ఏటి వానల్లో అవ్వ పోయింది. ఆమె మీద గౌరవంతో ఊరివాళ్ళు ఆ తరవాత కూడా 'హ'ను వలయంలోకి రానివ్వలేదు. షున్‌కో ఆ ఆశ్రమంలోనే ముసలివాడయ్యాడు. ఎవరికి ఏ పాట ప్రాణమో ఊళ్ళో అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఎవరి అక్షరం వాళ్ళకి అందించేవాడు. తను నేర్చుకున్న పాట మాత్రం అతని నోట ఎవరూ వినలేదు.