దొరగారి రెండు పొగపొయ్యిలు

దుప్పలవలస దొరకి వేటమాంసం పొగలో మగ్గబెట్టి తినాలని సరదా పుట్టింది. పెరట్లోకి గదంతేసి పొయ్యిలు రెండు దిగాయి. ఒకటి కమ్మరి చేసిన ఇనపది, ఒకటి కుమ్మరి కట్టిన మట్టిది. మాంసం ఎందులో బాగా ఉడికితే అది ఉంచుకుంటానన్నాడు దొర.

తెల్లారగట్లే వంటమనిషి అచ్చియ్యమ్మ రెండింట్లోనూ మాంసం పెట్టి, నిప్పు రాజేసి, మూతలు బిగించింది. దొర ఊరుకుంటేనా! వచ్చిన ప్రతి చుట్టానికీ మూతలెత్తి చూపించాడు. వేడీ పొగా అన్నీ ఆకాశానికే పోయాయి. మధ్యాహ్నం ముక్క కొరికితే పచ్చిగానే ఉంది.

"పొయ్యిలది కాదు తప్పు, నీ చేతిది! రేపట్నించి పనిలోకి రాకు!" అని చుట్టాల ముందే అరిచాడు దొర.

అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. పొద్దుట్నించీ పొగలో కళ్ళు పోగొట్టుకున్నదీ తనే, మాట పడ్డదీ తనేనా! కొంగు నడుముకి దోపింది.

"పొయ్యిలు రెండూ ఉంచుకోండి దొరా. మట్టిది పెరట్లో ఉంటుంది, వండటానికి. ఇనపది వాకిట్లో పెట్టించండి, తమరు మూతెత్తి చూపించుకోవడానికి. దాంట్లో మాంసం మాత్రం పెట్టించకండి."

మర్నాడు ఆమె కోసం కబురొచ్చింది. వెళ్ళేసరికి దొర వాకిట్లో నిలబడి, ఎవరికో ఖాళీ పొయ్యి మూతెత్తి చూపిస్తున్నాడు.