రేవు దాటించిన చెయ్యి

ధనకొండకి మంత్రసానితనం వచ్చేసిందన్న సంగతి అందరికంటే ముందు ధనకొండకే తెలిసింది. మూడేళ్ళు ముసలి మంత్రసాని అప్పాయమ్మ వెనకాల పురిటి బుట్ట మోసింది, నీళ్ళు కాచింది, బొడ్డు కోయడం నేర్చింది. నాలుగో ఏడు వచ్చేసరికి ఆమె నడకే మారిపోయింది.

గోదావరి నడుమ లంక అది. ఊళ్ళోకి ఇంకా ఫోన్లు రాని రోజులు. పెద్దాసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. పడవ కావాలంటే రేవులో నిలబడి కర్రకి గుడ్డ కట్టి ఎత్తాలి, అవతల నుంచి పోసియ్య చూసి పడవ తెస్తాడు. పెళ్ళికి ఎత్తొచ్చు, పేచీకి ఎత్తొచ్చు. పురుటికి ఎత్తితే మాత్రం మంత్రసాని పరువు గోదాట్లో కలిసినట్టే. ‘రేవు దాటించిన చెయ్యి’ అంటారు. లంకలో మంత్రసానికి అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ధనకొండ చేతి మీదుగా పద్నాలుగు పురుళ్ళయ్యాయి. ఒక్కరినీ రేవు దాటించలేదు. ఆ మాట అడిగినవాళ్ళకీ చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది.

“నీ శిష్యురాలు నిన్ను మించేలా ఉంది” అన్నారెవరో అప్పాయమ్మతో.

అప్పాయమ్మ తమలపాకు ఈనె తీస్తూ, “మించితే సంతోషమే” అంది.

ఒకరోజు పొద్దెక్కాక వీరవేణి అత్త వచ్చి, కోడలికి ఒంట్లో బాగోలేదని పిలిచింది. వీరవేణికి ఎనిమిదో నెల వచ్చి పది రోజులైంది. ధనకొండ ఒక్కతే వెళ్ళింది. వెళ్ళినంత సేపట్లోనే తిరిగొచ్చింది.

“దొంగనొప్పులు పెద్దమ్మా. నొప్పని కూడా అనట్లేదు, నడుం లాగుతుందంటంది. వాము కషాయం పట్టించి పడుకోబెట్టొచ్చాను.”

“ఎప్పట్నించీ?”

“తెల్లారినకాడ్నించీ.”

“పడుకున్నాక తగ్గిందా?”

“తగ్గుద్దిలే” అంది ధనకొండ. తగ్గిందో లేదో చూడకుండానే వచ్చేసింది మరి.

అప్పాయమ్మ లేచింది. చూరు కింద ఎండబెట్టిన చింతపిక్కలు గుప్పెడు తీసి కొంగున కట్టుకుంది. పురిటి బుట్ట చంకనెత్తుకుని బయల్దేరింది. బుట్ట గురువు మోస్తుంటే వెనకాల ఉత్తి చేతులతో నడవడం ధనకొండకి తలకొట్టేసినట్టయింది.

వీరవేణి చాప మీద ఎడమపక్కకి తిరిగి పడుకుని ఉంది. ధనకొండని చూసి నవ్వింది కూడా. అప్పాయమ్మ పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, గుమ్మం నీడకి జానెడు అవతల నేల మీద గీత గీసింది. చింతపిక్కలు ధనకొండ ముందు కుమ్మరించింది.

“పొట్ట మీద చెయ్యేసి కూకో. గట్టిపడ్డప్పుడల్లా ఒక పిక్క పక్కనెట్టు. నీడ ఆ గీత దాటేసరికి గంటవుద్ది.”

“గట్టిపడ్డం అంటే?”

అప్పాయమ్మ ధనకొండ చెయ్యి పట్టుకుని ఆమె ముక్కు కొన మీదే ఆనించింది. తర్వాత నుదుటి మీద ఆనించింది. “ముక్కులా ఉంటే ఊరుకో. నుదురులా ఉంటే పిక్కెట్టు” అని గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

పద్నాలుగు పురుళ్ళు పోసిన చేత్తో చింతపిక్కలాటా అని ధనకొండకి ఉడుకెత్తుకొచ్చింది. అయినా కూర్చుంది.

వీరవేణి కబుర్లు మొదలెట్టింది. ఉయ్యాలకి వాళ్ళమ్మ చీర దాచి ఉంచిందట. పచ్చచీరట, దానికి జరీ... అంటూ ఆగింది. ధనకొండ అరచేతి కింద పొట్ట బిగుసుకుని నుదురైంది. కాసేపటికి మెత్తబడింది. “జరీ అంచు అక్కా” అని వీరవేణి మాట అందుకుంది, మధ్యలో ఆగినట్టు తనకే తెలియదు.

మూడో పిక్క పెట్టేటప్పుడు ధనకొండ ఉడుకు చల్లారింది. అయిదో పిక్కకి గీత వైపు చూసింది, నీడ ఇంకా దాటలేదు. నీడ గీత దాటేసరికి పక్కన ఏడు పిక్కలున్నాయి. నెలలు నిండటానికి ఇంకా నెల పైనే ఉంది.

అప్పాయమ్మ కళ్ళు తెరిచింది. “బట్ట తడుత్తందా తల్లీ?”

“కాస్త కాస్త తడుత్తానే ఉందండి. నీళ్ళలాగా. ఉచ్చేమో అనుకున్నాను.”

“కిందకి బరువుగా ఉందా?”

“బిడ్డ జారి కూకున్నట్టుందండి.”

“నాకు చెప్పలేదేం?” అంది ధనకొండ.

“నువ్వు అడగలేదక్కా” అంది వీరవేణి.

ఆ మాట ధనకొండకి సూటిగా తగిలింది. గురువు వైపు చూసింది. గురువు గోడ వైపు చూస్తోంది.

“పురుడు నీది. నువ్వే చెప్పు” అంది అప్పాయమ్మ.

“నిండని నెలల్లో దొంగనొప్పులని నేనెలా అన్నాను పెద్దమ్మా?”

“దొంగో దొరో తేల్చేది ఆసుపత్రివోళ్ళు. మనం కాదు.”

“అయితే దాటించాలి.” ఆ మాట అన్నాక ధనకొండ గొంతు తగ్గిపోయింది. “గుడ్డెత్తితే ఊరు నవ్వుద్ది పెద్దమ్మా.”

అప్పాయమ్మ బుట్టలో చెయ్యి పెట్టి, అన్నిటికంటే అడుగునున్న మడత తీసింది. ఒకప్పుడు ఎర్రగుడ్డ. ఉతికి ఉతికి కందిపప్పు రంగుకొచ్చింది. రెండు చోట్ల మాసిక వేసి ఉంది.

ధనకొండ దాన్ని చేతిలోకి తీసుకుని మాసికలు తడిమింది. “ఎన్నిసార్లు ఎత్తేవేంటి?”

“తొమ్మిది.”

“కిందటేడు బుల్లిరత్నం పుట్టింటికి ఎల్లిందన్నావు.”

“అన్నాను.”

“దానికి ముందు మంగమ్మ కోడలు...”

“ఆవిడా పుట్టింటికే అన్నాను. తొమ్మండుగురూ పిల్లల్నెత్తుకునే వచ్చేరు.” అప్పాయమ్మ లేచి నిలబడింది. “ఎనక రేవుకి పోదాం. అరిటితోటల మాటున ఎవరికీ కనపడం.”

వెనక రేవు లంక ఆ కొసన ఉంది. తోటల గట్ల మీదుగా నడవాలి, మంచం మోసుకెళ్ళే దారి కాదు. వీరవేణి మాట మధ్యలో మళ్ళీ ఆగింది.

ధనకొండ గుడ్డ భుజాన వేసుకుంది. “ముందు రేవుకే” అంది.

నలుగురు పట్టుకుని నులకమంచం మీద వీరవేణిని వీధి నడుమ నుంచి మోసుకెళ్ళారు. ముందు ధనకొండ నడిచింది. రేవులో అరటిగెలలు ఎత్తుతున్నవాళ్ళు పని ఆపి చూశారు. వాళ్ళలో ఒక పెద్దాయన ఊరుకోలేకపోయాడు.

“పద్నాలుగుతో ఆగిపోయిందేంటే ధనకొండా?”

“ఆగింది బాబాయ్. ఈ కర్ర కాస్త పట్టుకో, ముడెయ్యాలి.”

ఆయన నవ్వు మింగేసి కర్ర పట్టుకున్నాడు. ధనకొండ గుడ్డ కట్టి రెండు చేతులా ఎత్తింది. అవతలి ఒడ్డున పోసియ్య పడవ కదిలింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వీరవేణిని చూడగానే బిడ్డ ఊపిరితిత్తులకి బలమని సూది మందు వేసింది, నొప్పులు నెమ్మదించడానికి ఇంకో మందిచ్చింది. రేపటిదాకా ఆగి ఉంటే ఈ సూది పనిచేసే వ్యవధి కూడా ఉండేది కాదని ధనకొండతో అంది. ఎప్పట్నించి బిగుసుకుంటోంది, గంటకి ఎన్నిసార్లు అని అడిగింది. ధనకొండ తడుముకోకుండా చెప్పింది. “ఎవరు లెక్కపెట్టారు?” అంటే, “నేనేనండి” అంది.

మూడోనాడు ఆడపిల్ల పుట్టింది. కిలోన్నర పైచిలుకు. ఇరవై రోజులు అద్దాల పెట్టెలో వెచ్చగా ఉంచి, తల్లి చేతికిచ్చి పంపారు.

పడవ తిరిగొచ్చిన రోజు రేవు నిండా జనమే. ఎవరో వీరవేణి అత్తని అడిగారు, “ఎవరి చేతి పురుడు?” అని.

పురుడు పోసింది డాక్టరమ్మ. ఆ సంగతి అందరికీ తెలుసు. అత్త మనవరాలిని గుండెకి ఇంకాస్త హత్తుకుని, “మా ధనకొండ చేతిదే” అంది.

ధనకొండ తల ఎత్తుకునే ఇంటికొచ్చింది. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. గుడ్డని సబ్బు పెట్టి ఉతికింది, పిండింది. మడిచి బుట్టలో పెట్టబోయి ఆగింది. వీధి వైపు కట్టిన తాడు మీద, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా ఆరేసింది.

అరుగు మీద అప్పాయమ్మ తమలపాకు పక్కన పెట్టి దాన్ని చూసింది. ఆమె కళ్ళు తడిశాయి.

“ఇన్నేళ్ళూ బుట్ట అడుగునే దాచేను” అంది. “నాకు తోచలేదే ధనకొండా.”