ఆలివ్ కాయ తీపి పోగొట్టుకున్న వైనం

ఏమిటా మూతి విరుపు? పక్కవాడి కంచం చూసి "ఛీ" అంటావా? నీకు నచ్చకపోతే తినకు, ఎవరూ కొట్టరు. కానీ ఇంకొకరి తిండిని ఛీకొట్టడం ఇష్టాయిష్టాల సంగతి కాదు, పొగరు. ఆ పొగరు ఏం చేస్తుందో చెబుతాను, కుదురుగా కూర్చుని విను.

ఒకప్పుడు ఆలివ్ కాయ తియ్యగా ఉండేది. రేగుపండంత కాయ, కొరికితే తేనె! ఇటలీ దేశంలో చెట్టు మీద నుంచి కోసి అలాగే నోట్లో వేసుకునేవారు.

ఆ దేశంలో ఒక మర్యాద ఉంది. భోజనానికి ముందు ఒక చిన్న పళ్ళెం పెడతారు. అందులో నాలుగు రకాలు తలా కాస్త ఉంటాయి. అతిథి ఆ పళ్ళెం ముట్టాకే అసలు వంట వడ్డిస్తారు.

అక్కడ ఒక రేవు ఊరికి ఏడాదికోసారి సముద్రమ్మే అతిథిగా వచ్చేది. కడుపు నిండితే ఏడాదంతా పడవల జోలికి పోయేది కాదు. ఆకలితో లేచిందా, ఇక అంతే.

ఆ ఏడు వడ్డించే వంతు అసుంతా అనే ఆవిడది. నెల్లో అని ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. వాడు పొద్దున పడవ మీద చేపల వేటకు వెళ్ళి ఇంకా రాలేదు. అందుకే ఆమె మాటిమాటికీ రేవు వైపు చూస్తూ వడ్డిస్తోంది. మేకపాల చీజ్ ముక్కను పళ్ళెంలో కూర్చోబెట్టింది. అంజూరపండును కూర్చోబెట్టింది. జాడీలోంచి చిట్టి ఉప్పుచేపను తీసి, కళ్ళకద్దుకుని పెట్టింది. చివర ఆలివ్‌ను పెట్టబోయింది.

"ఆగవమ్మా! నన్ను దీని పక్కన కూర్చోబెడతావా?" అని ఆలివ్ అరిచింది.

"సర్దుకో తల్లీ, అతిథి గడప దాకా వచ్చేసింది."

"సర్దుకోవడమా! ఉప్పులో ఊరిన మొహం, పైగా నీచు కంపు. దాని గాలి సోకితే నా తీపి ఏం కాను?"

"నేనే ఓ మూలకు జరుగుతాలే అక్కా," అంది చేప.

"ఎవతివే నువ్వు, నన్ను అక్కా అనడానికి!" అంటూ ఆలివ్ ఒక్క తన్ను తన్నింది. చేప ఎగిరి మట్టిలో పడింది.

అసుంతా తెరిచిన నోరు మూయలేదు. చీజ్ ముక్కకు చెమట పట్టింది. అంజూరపండు గుండె చీలినంత పనైంది.

గడపలో సముద్రమ్మ నిలబడి ఉంది.

ఆమె మట్టిలో పడ్డ చేపను చూసింది. పళ్ళెం ముట్టలేదు. వెనక్కి తిరిగింది. అంతే, గాలి లేచింది. అలలు ఇంటి గోడలంత ఎత్తున లేచాయి.

అసుంతా తడుస్తూ వెంట పరుగెత్తింది. "తల్లీ, ఆగు! నా కొడుకు నీ మీదే ఉన్నాడు!"

"నీ ఇంట్లో నా బిడ్డ మట్టిలో పడింది. నీ బిడ్డ గురించి నేనెందుకు ఆలోచించాలి?"

అప్పుడు మట్టిలోంచి చేప గొంతు వినిపించింది. "అమ్మా! నన్ను తన్నింది ఆలివ్. ఈవిడ నన్ను కళ్ళకద్దుకుని వడ్డించింది. ఒకరి తప్పుకు ఇంకొకరి కొడుకా?"

సముద్రమ్మ ఆగింది. తన చేత్తో పడవను ఇసుక మీదికి నెట్టింది. నెల్లో దగ్గుతూ దిగాడు. తల్లి వాణ్ణి పట్టుకుని ఏడ్చింది.

సముద్రమ్మ ఆలివ్ వైపు తిరిగింది. "తీపి ఉందనే కదా నీ పొగరు! ఇటు తే."

ఒక అల ఆలివ్ మీద నుంచి వెళ్ళి వచ్చింది. ఆలివ్ పకపకా నవ్వింది. "తడిశాను, అంతేగా! కావాలంటే కొరికి చూడండి."

అసుంతా కొరికింది. మరుక్షణం తుపుక్కున ఉమ్మేసింది. "ఓరి దేవుడా! వేపాకు నయమే!" నెల్లో కొరికాడు, కళ్ళు తేలేశాడు. కాకి ఒకటి పొడిచి చూసి అరుచుకుంటూ పారిపోయింది.

ఆలివ్ నవ్వు ఆగిపోయింది. "ఇక నన్నెవరు తింటారు?"

"నువ్వు అసహ్యించుకున్న ఉప్పులోనే నాను. అప్పుడు తింటారు," అని సముద్రమ్మ వెళ్ళిపోయింది.

అప్పటినుంచే చెట్టు మీది ఆలివ్ కాయను ఎవరూ నోట పెట్టలేరు. కోసి, ఉప్పునీళ్ళ జాడీలో ముంచి, నెలల తరబడి ఉంచుతారు. అప్పటికి చేదు విరిగి పళ్ళెంలో కాస్త చోటు దొరుకుతుంది. పోయిన తీపి మాత్రం ఈనాటికీ తిరిగి రాలేదు.